మల్లెకు గ్లాసెడు నీళ్లు

"పూలు కావాల్నా నీకు, ఇల్లు కావాల్నా?"

ఇంటి ఓనరు సుజాత ఈ మాట అడిగింది ఫిబ్రవరి నెలాఖరున, తన ముందుగది కప్పు మీద చాటంత తేమ మచ్చను చూపిస్తూ. ఆ కప్పు మీదే నాగలత బాల్కనీ. బాల్కనీ నిండా కుండీలు. ఖమ్మం పక్కన ఖానాపురం హవేలిలో ఆ కిరాయికి బాల్కనీ ఉన్న ఇల్లు మళ్లీ దొరకదని ఇద్దరికీ తెలుసు.

నాగలతది భద్రాచలం దారిలో అడవి అంచున ఓ పల్లె. ఖమ్మంలో ఒక ప్రైవేటు దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్. పొద్దంతా పరాయివాళ్ల రక్తం చూసి వచ్చాక కళ్లకు వేరే ఎరుపు కావాలి ఆమెకు. అందుకే పెయింటు డబ్బాల్లో కాగితంపూలు, మందారాలు. ఈ ఏడు మల్లె కూడా. చలికాలంలో ఆకు దూసి, నీళ్లు తగ్గించి ఎండగట్టింది. ఇప్పుడు కొమ్మకొమ్మకూ మొగ్గ. సరిగ్గా నీళ్లు కావలసిన వేళకే నీళ్లు పోయడం నేరమైంది.

కుండీల కింద టిఫిన్ మూతలు పెట్టింది. మల్లెకు గ్లాసుతో కొలిచి పోసింది. మచ్చ పెరుగుతూనే ఉంది. షేర్ ఆటోలో డ్యూటీకి పోతుంటే కానుగపూలు స్కూటర్ల సీట్ల మీద రాలి ఉండేవి. వేపపూత వాసన ఆటోలోకి కొట్టేది. డివైడర్ మీది చెట్లు ఆకన్నది లేకుండా గులాబీరంగులో విరగబూసేవి. ఏటా ఆ రోడ్డున ఆటో మెల్లగా పోతే బాగుండుననుకునే మనిషి. ఈసారి మచ్చ ఎంతైందో అన్నదే ధ్యాస.

ఒకరోజు మల్లె కొమ్మలు సర్దుతూ పిట్టగోడ మీంచి వంగితే అసలు సంగతి కనబడింది. బాల్కనీ గోడకు కలిసేచోట, పగులులో, మూరెడు రావిమొక్క. రాగిరంగు లేతాకులతో నిగనిగలాడుతోంది. నిజానికి కుండీల్లో దేనికీ ఆ కళ లేదు.

"అక్కా, తేమ దానివల్లనే. పీకేద్దాం."

"రావి అది. ముట్టినోళ్లకు కీడు. నువ్వు కుండీలు తియ్."

స్లాబును చీలుస్తున్న దేవుణ్ని ఓర్చుకునే మనిషి మల్లెమొగ్గను ఓర్చుకోదు. నాగలత అమ్మకు ఫోన్ చేసింది.

"ఇప్పచెట్టుకు మనం మొక్కుతలేమా?" అంది కన్నమ్మ. "అడివిల ఉంటే మొక్కుతం. ఇంటి మీద మొలిస్తే పీకుతం."

"నీకేంది, చెప్తవు. ఇల్లు ఖాళీ చేసేది నేను గదా."

ఉగాదికి ముందు ఆదివారం సుజాత కల్లూరులో పెళ్లికి పోయింది. నాగలత పిట్టగోడకు పొట్ట ఆనించి, రెండు చేతులా పట్టి లాగింది. మొక్క వచ్చింది. దాంతోపాటు పళ్లెమంత సిమెంటు పెచ్చు ఊడి సుజాత వాకిట్లో పడింది. సుజాత వచ్చేదాకా నాగలత మెట్ల మీదే కూర్చుంది.

సుజాత కింద పెచ్చును చూసింది, పైన బోసిపోయిన పగులును చూసింది.

"నేనైతే పీకమనలే."

"అవ్ అక్కా, మీరు అనలే."

"నేను ఊళ్లనే లేను."

"లేరు."

"మరి జల్దీ మేస్త్రీని పిలువు. లేకుంటే మళ్ల మొలుస్తది."

ఆ గొంతులో కోపం వెతికినా దొరకలేదు. కీడు ఇంకొకరి ఖాతాలో పడ్డాక సుజాతకు ఊపిరి తేలికైంది.

పగులు పూడింది, మచ్చ ఆగింది. మల్లె ఆలస్యంగా పూసింది. సుజాత రోజూ పైకి వచ్చి దోసెడు కోసుకుపోతుంది. నాగలత మాత్రం నీళ్లు పోసే ముందు ఇప్పటికీ ఒకసారి కిందికి తొంగిచూస్తుంది. మేస్త్రీ కూలి, సిమెంటు కలిపి పద్దెనిమిది వందలు. పీకినోళ్లే ఇయ్యాలన్నది సుజాత. నాగలత వెయ్యి ఇచ్చింది. ఇంకా ఎనిమిది వందలు బాకీ.