కోటు జేబులో చీటీలు

రోజూ పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకోగానే ఆమె మంచం మీద కూర్చుని చీటీలు రాసుకునేది. ఆ రోజు ఎవరితో ఏ మాట అవసరపడుతుందో ఊహించుకుని, అక్కడి భాషలో, ముత్యాల్లాంటి అక్షరాలతో, ఒక్కో చీటీకి ఒక్కో మాట. బస్సులో ఒకటి చూపించేది, దుకాణంలో ఇంకొకటి. నోరు మాత్రం విప్పేది కాదు. గదిలో ఉండే స్నేహితురాలు చీటీలమ్మ అని పేరు పెట్టి, "నోరు ఇంట్లో మరిచిపోయి వచ్చావుటే?" అని ఆటపట్టించేది.

నర్సు చదువుకని పరాయి దేశం వచ్చిన పిల్ల. సొంత ఊళ్లో ఉన్నప్పుడు ఆ భాషంటే ప్రాణం. మార్కుల్లో ఎప్పుడూ తనే ముందు. తీరా ఇక్కడికొచ్చాక రొట్టెలమ్మే ఆవిడ గడగడా అడిగితే ఒక్క ముక్క అందలేదు. వరసలో వెనక ఎవరో విసుగ్గా నిట్టూర్చారు. ఆ రోజు నుంచి ఆ భాష మెడకు గుదిబండైంది.

నెలాఖరుకు నోటి పరీక్ష. తప్పితే వార్డులోకి రానివ్వరు, పెట్టె సర్దుకోవలసిందే. అది తెలిసీ పుస్తకం ముట్టబుద్ధి కాలేదు. ఇంకా ఎవరికోసం నేర్చుకోవాలే అని తనంటే, "ఎవరికోసమో ఏమిటే, కడుపు కోసం" అంది స్నేహితురాలు.

ఒక పొద్దున చీటీలమ్మకు జ్వరం తగిలింది. హాస్టలు ఊడ్చే పెద్దావిడ వచ్చింది. ఎనిమిది నెలలుగా వీళ్ల మధ్య నడిచినవి చీటీలే: ఈమె ఇవ్వడం, ఆవిడ చూసి తలాడించి కోటు జేబులో వేసుకోవడం. జ్వరంగా ఉంది, ఈ రోజు ఊడ్చకండి అని రాసిచ్చింది. ఆవిడ ఎప్పటిలాగే తలాడించి చీపురందుకుంది. చీటీ ఇంకా ఆవిడ వేళ్ల మధ్యే ఉంది, తలకిందులుగా.

ఆవిడకు చదువు రాదు.

దుమ్ముకు ఈమెకు దగ్గు తెర వచ్చింది. ఆవిడ చీపురు వదిలేసి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. పరుగున వెళ్లి వేణ్ణీళ్లు తెచ్చి తాగించింది. తరవాత సిగ్గుపడుతూ జేబులోంచి చీటీల కట్ట తీసింది. ఒక్కటీ పారెయ్యలేదు, రబ్బరు బ్యాండు వేసి దాచింది. పసిపిల్లకు చెప్పినట్టు నిదానంగా ఏదో చెప్పింది. సగం అర్థమైంది, రాత అందంగా ఉందని. మిగతా సగం ఏమిటో తెలుసుకోవాలనిపించింది చీటీలమ్మకు. మార్కుల కోసం కాదు, పరీక్ష కోసమూ కాదు.

ఒళ్లు బరువుగానే ఉంది. లేచి కూర్చుంది. కాగితం కోసం వెతుక్కోలేదు. వచ్చీరాని ఆ భాషలోనే, మాట తరవాత మాట కూడదీసుకుంటూ అడిగింది.

"రేపటి నుంచి పనయ్యాక ఒక్క పది నిమిషాలు నాతో మాట్లాడి వెళ్తారా అమ్మా? తప్పులొస్తే నవ్వండి, పరవాలేదు."