భోజనం అయ్యాక అనే మాట

స్కార్‌బరో కాలేజీలు మన ఊళ్ల పిల్లలతో నిండిపోయి గది దొరకడమే గగనమైన ఆ ఏడాది, నాకు బేస్‌మెంట్ అద్దెకిచ్చింది స్వీడన్ నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దావిడ. పైన ఆమె వంటింట్లోనే నేనూ వండుకునేదాన్ని. ఆదివారాలు ఆమె మనవలు భోజనానికి వచ్చేవారు. తినడం అయ్యాక ఒక్కొక్కరూ ఆమెతో "తక్ ఫర్ మాతెన్" అని, అప్పుడే కుర్చీలోంచి లేచేవారు. ఏమిటా మంత్రం అని నాకు ఒకటే ఆరాటం. ఉండబట్టలేక అడిగేశాను. భోజనానికి థాంక్స్ అట. వండినవాళ్లకు ఆ మాట చెప్పకుండా లేవకూడదట. సొంత నానమ్మకు థాంక్సేమిటి, విడ్డూరం కాకపోతే.

"మీ ఇంట్లో ఏమంటారు?" అని అడిగిందామె.

"ఉప్పు తగ్గితే చెప్తాం ఆంటీ" అన్నాను.

తర్వాతి వారం ఆమెకు అన్నం, టమాటా పప్పు పెట్టాను. శుభ్రంగా తిని "తక్ ఫర్ మాతెన్" అంది. మొహమాటపడుతోంది అనుకున్నాను. మొదటిసారి చాలంటే మా ఇళ్లలో ఎవరు వింటారు? ఇంకో గరిటె వేశాను. పళ్లెంలో మెతుకు మిగల్చని మనిషి, అదీ తినేసి, ఈసారి కాస్త గట్టిగా అదే మాట అంది. మళ్లీ వేశాను. మూడోసారి నేను గరిటె ఎత్తేసరికి ఆమె వంగి, పళ్లేనికి అడ్డంగా రెండు చేతులూ పెట్టేసింది.

ఆ భాష నాకు పుట్టినప్పటినుంచీ వచ్చు. గరిటె దించాను.