పూత లేని చెట్టుకి స్టార్

మా పక్క మామిడితోటకి కాపలా ఉండే అత్త ఏటా ముందు పూసిన చెట్టుకే క్రిస్మస్ స్టార్ కట్టేది. ఆ ఏడు వానలు ఆగక ఒక్క చెట్టూ పూయలేదు. పూత రాకపోతే కాపలా పని పోతుంది, తోటలో తనుండే పాకా పోతుంది. అయినా అత్త నిచ్చెనేసుకుని అన్నిటికన్నా ముసలి చెట్టెక్కింది.

"పూతే లేదు, స్టారెందుకే? మీ దేవుడు ఈసారి నిన్ను మర్చిపోయాడు!" అని కౌలుదారు నవ్వాడు.

అత్త ముడి బిగిస్తూనే, "పూసిన చెట్టుకి ఎవరైనా కడతారండీ," అంది.

పూత రానే లేదు. అత్త పాక ఖాళీ చేసి, హనుమాన్ జంక్షన్‌లో హోటల్ పనికి బయలుదేరింది. సామానంతా ఆటో ఎక్కించింది, స్టార్ మాత్రం చెట్టునే ఉంది.

"అత్తా, స్టార్ మర్చిపోయావు!" అని అరిచాను.

"మర్చిపోలేదే. ఉండనీ, నేనింకా ఎదురుచూస్తున్నానని పైనున్న ఆయనకి తెలియాలిగా!"