మామ అనుమానం, నర్సవ్వ పాట

పోయిన నెల మా మామ చనిపోయాడు. కబురు మా ఊరి మనిషి ఒకాయన భూపాలపల్లికి తెచ్చాడు. బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి చెమట తుడుచుకుంటూ "అక్కా, పెద్దపటేలు పోయిండు" అన్నాడు. ఏడవాల్సింది పోయి నేను, "ఎవరు చెప్పిండ్రు? నువ్వు చూసినవా?" అని అడిగాను. ఆయన బిత్తరపోయాడు. "నా కండ్లతోటి చూసిన అక్కా. మంచం మీదికెల్లి కిందికి దింపినంకనే బయలెల్లిన" అన్నాడు. అప్పుడు గానీ నాకు ఏడుపు రాలేదు. ఆ ప్రశ్న నాది కాదు, మా మామది. ఆ ఇంట్లో కోడలిగా ఉన్నన్నాళ్లూ రోజూ విన్న ప్రశ్న.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు ప్రతివాళ్లూ దేవుళ్లైపోతారు. అలాంటి రాతలంటే నాకు అనుమానం. కాబట్టి ముందే చెప్పేస్తాను, మా మామ దేవుడు కాదు. రఘునాథపల్లి చుట్టుపక్కల ఆయనంత అనుమానపు మనిషి ఇంకొకరు లేరు. తాళం వేసి లాగి చూసేవాడు, నాలుగడుగులు పోయి మళ్లీ వచ్చి లాగేవాడు. చాయ్ ఇస్తే ముందు వాసన చూసేవాడు. ఎవరైనా ఎదురుపడి నవ్వితే "గీడెందుకు నవ్విండు?" అని పొద్దుగూకేదాకా అదే ఆలోచన. ఇక ఎవరైనా పొగిడితే ఆ రోజు అన్నం సయించేది కాదు.

నేను ఆ ఇంటికి వచ్చిందే ఒక అనుమానం వల్ల. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడ్డాయి. జనగామలో చదువుతున్న మా ఆయన ఊరేగింపుల్లో తిరుగుతున్నాడని మామకు తెలిసింది. కొడుకు చెయ్యి దాటిపోతాడేమోనని పెళ్లి తలపెట్టి మానుకోటలో మా ఇంటికి పెళ్లిచూపులకు వచ్చాడు. కాగితాల మీద మహబూబాబాద్ అని రాసినా మాకు అది మానుకోటే. నన్ను పాట పాడమంటారేమోనని మా అమ్మకు, మా మాటలో అవ్వకు, గుండెల్లో రాయి పడింది, నా గొంతు అలాంటిది. మామ పాట అడగలేదు. "పిల్లను జర ఆ గోడ దాక నడిచి రమ్మనుండ్రి" అన్నాడు. నడిచి వచ్చాను. "ఇంకోపారి" అన్నాడు. మా నాయినకు కోపం వచ్చింది. "ఏంది బావా, మా బిడ్డ కుంటిదనుకుంటున్నవా?" అని అడిగాడు.

"కుంటిదనలే. కాదని నేను చూడలే గద" అన్నాడు మామ.

నాకు నవ్వొచ్చింది. నేను నవ్వడం ఆయన చూశాడు. ఎందుకు నవ్వానో పెళ్లయ్యాక చాలాసార్లు అడిగాడు.

నన్ను అట్లా నడిపించి చూసిన మనిషికే కొన్నేళ్ల తర్వాత నడక పోయింది. ముందు కుడిచేతి బొటనవేలు చూపుడువేలి మీద దానంతటదే తిరగడం మొదలైంది, పొగాకు నలుపుతున్నట్టు. తర్వాత ముఖం బిగుసుకుపోయింది. ఆయన నవ్వేదే తక్కువ కాబట్టి అది చాలా రోజులు మాకు తెలియలేదు. ఆ తర్వాత అడుగులు చిన్నవయ్యాయి. గడప దగ్గరికి రాగానే కాళ్లు నేలకు అంటుకుపోయేవి. ఒళ్లు ముందుకు వంగేది, కాళ్లు వచ్చేవి కావు. వరంగల్ దవాఖానకు తీసుకుపోతే డాక్టరు చాలాసేపు చూసి, ఇది పార్కిన్సన్ జబ్బు, మెదడులో లోపం, మందులతో కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు అన్నాడు. మామ బయటికి వచ్చి, "మెదడుల ఉన్నదంటుండు. నా తలకాయ ఇప్పి చూసిండా?" అన్నాడు. గోలీలు పెద్దకొడుకు, అంటే మా బావ, ముందు మింగితేనే తాను మింగుతానని పట్టుబట్టాడు. పాపం మా బావ మింగినట్టు నటించి జేబులో వేసుకునేవాడు. తండ్రి అంటే ఆయనకు ప్రాణం.

ఆ వానాకాలం నాట్లప్పుడు మామ పొలం చూస్తానన్నాడు. నేను చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. మళ్ల నడుమ ఒడ్డు మీద సగం దూరం పోయాక కాళ్లు ఆగిపోయాయి. లాగితే మడిలో పడతాడు, వదిలితే ఉన్నచోటే కూలేటట్టున్నాడు. మడిలో ఆడవాళ్లు నాట్లేస్తున్నారు. వాళ్లకు పాట చెప్పేది నర్సవ్వ. మా ఎదురింట్లో ఒంటరిగా ఉండేది, మొగుడు లేడు, పిల్లలు లేరు. ఆమె గొంతెత్తింది, మిగతావాళ్లు అందుకున్నారు. మామ కుడికాలు లేచింది. వెనకే ఎడమకాలు. నా చెయ్యి విడిపించుకుని, పాట నడిచినట్టే నడుస్తూ ఒడ్డు చివరిదాకా పోయాడు. మంచినీళ్లు తాగడానికి వాళ్లు పాట ఆపారు. మామ ఉన్నచోటే నిలబడిపోయాడు. మెల్లగా తల తిప్పి నన్ను చూశాడు.

"నన్ను నువ్వు నూకినవా?"

"లే మామ. నీ చెయ్యి ఎప్పుడో ఇడిసిన."

నర్సవ్వ మళ్లీ అందుకుంది. ఆయన మళ్లీ నడిచాడు. మడిలో ఉన్నవాళ్లందరూ చూశారు.

సంతోషపడాల్సిన విషయం అది. కానీ మా ఊళ్లో ఆయనొక్కడికే కాదు, అనుమానం అందరికీ ఉండేది. ఆమె పాడితే నడుస్తాడు, ఆపితే ఆగుతాడు, అంటే పగ్గం ఆమె చేతిలోనే ఉందన్నారు. మా బావ అడవి దిక్కు నుంచి ఒక మంత్రాలాయన్ను పిలిపించాడు. ఆయన మామ కాళ్లు తడిమి, బియ్యం చల్లి, "ఆమె పాడితె కదులుతున్నయంటె కట్టింది ఆమెనే" అని తేల్చాడు. ఊరంతా నమ్మింది.

చేతబడి చేసిందన్న పేరు పడ్డ మనిషిని ఆ రోజుల్లో ఏం చేసేవారో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. నోట మంత్రం పలకకుండా పండ్లు రాలగొట్టేవారు. ఊరి నుంచి తరిమేవారు. అంతకంటే ఘోరాలూ జరిగేవి. నర్సవ్వ భయపడి తలుపు వేసుకుంది, పాటకు రావడం మానేసింది. పాట లేక మామ కాళ్లు మళ్లీ బిగుసుకున్నాయి. "చూసిండ్రా, కోపానికొచ్చి మళ్ల కట్టేసింది" అన్నారు. పాడినా తప్పే, పాడకున్నా తప్పే అయింది ఆమెకు.

పంచాయితీ పెడతామన్నారు. ముందురోజు బావ తండ్రి మంచం పక్కన కూర్చుని, "నాయినా, నువ్వు పెద్దగ ఏం చెప్పనక్కర లేదు. నర్సి మీద అనుమానం ఉన్నదను, సాలు. మిగతాది మేం చూసుకుంటం" అన్నాడు.

"ఉన్నది" అన్నాడు మామ.

పుట్టినప్పటి నుంచి అందరినీ అనుమానించిన మనిషి ఆమెను మాత్రం ఎందుకు వదులుతాడు? నర్సవ్వ నోరు, ఆమె పండ్లు నా కళ్ల ముందు మెదిలాయి.

"నర్సి మీద ఉన్నది. గా మంత్రాలాయన మీద ఉన్నది. నీ మీద గూడ ఉన్నది. ఆమె కట్టంగ ఎవరన్న చూసిండ్రా?" అన్నాడు మామ. బావ తల అడ్డంగా ఊపాడు. "చూడలే గద. అయితె ఆమెను ఊర్ల లేకుంట జేసి చూద్దాం. కోడలు మానుకోట తోలుకపోయి వాళ్ల అవ్వగారింట్ల కూసోవెడ్తది. పంచాయితి రేపు గాదు, ఎల్లుండి."

బావ వెళ్లాక నన్ను దగ్గరికి రమ్మన్నాడు. "రైలెక్కించి రాకు. ఇంట్లకు పోయేదాక చూసి రా. నేను కబురు పంపేదాక ఆమెను బయటకు రానియ్యొద్దని మీ అవ్వకు చెప్పు."

తెల్లారి ఇద్దరం రైలెక్కాం. నర్సవ్వ కిటికీ పక్కన ముడుచుకుని కూర్చుంది. రైలు కాజీపేట దాటింది. తర్వాత, "పటేలుకు నా మీద గంత అనుమానమా బిడ్డా?" అని అడిగింది. "ఆయనకు నా మీద గూడ ఉంటది అవ్వా" అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో, ఏడ్చిందో తెలియలేదు.

మామ ఆమెను అంత దూరం పంపింది అనుమానంతోనా, ఎవరి చేతికీ చిక్కకుండా కాపాడడానికా? ఆ మాట ఆయన్ను ఎన్నడూ అడగలేకపోయాను. అడిగినా నిజం చెప్పేవాడని నమ్మకం లేదు.

పంచాయితీ మా వాకిట్లోనే జరిగింది. మామను ఇంట్లోంచి నడిపించుకు వస్తుంటే గడప దగ్గర కాళ్లు ఆగిపోయాయి. ఎత్తుకొస్తామని ఇద్దరు ముందుకు వచ్చారు. వద్దన్నాడు. నాతో ఇత్తడి తాంబాళం తెప్పించి బావ చేతికి ఇప్పించాడు.

"కొట్టు" అన్నాడు.

"ఎందుకు నాయినా?"

"కొట్టమన్న గద. ఒక్కతీరుగ కొట్టు, నాట్ల పాట లెక్క."

అందరి ముందు కొట్టాలంటే బావకు సిగ్గేసింది. తడబడుతూ కొట్టాడు. మామ కాళ్లు కదల్లేదు. "ఒక్కతీరుగ!" అని కసిరాడు. బావ కళ్లు మూసుకుని దెబ్బ వెనక దెబ్బ సమంగా వేశాడు. మామ కాలు లేచి గడప దాటింది. మెట్లు దిగి, ఆ చప్పుడు మీదే అడుగులేసుకుంటూ వాకిలి నడుమకు వచ్చి నిలబడ్డాడు. బావ చెయ్యి దానంతటదే ఆగిపోయింది.

"ఇగ చెప్పు కొడుకా. నా కాళ్లు కట్టింది నువ్వేనా?"

బావ తాంబాళం కింద పెట్టేశాడు. మామ మంత్రాలాయన వైపు తిరిగి, "నువ్వు గూడ జర కొట్టు, నీ మీద గూడ నాకు అనుమానమే" అన్నాడు. ఆయనకు బస్సు టైమైందని అప్పుడే గుర్తొచ్చింది.

నర్సవ్వ తిరిగి వచ్చింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి పొద్దుగూకే వేళకు మా వాకిట్లో కూర్చుని పాడేది. మామ గోడ నుంచి గోడకు తిరిగేవాడు. ఆయనేమీ మారలేదు. "ఇయ్యాల పాట పొట్టిగ జేసినవు నర్సీ, నేను చూస్తలేననుకున్నవా?" అనేవాడు. ఆమె కూడా ఊరుకునేది కాదు, "నువ్వే అడుగు దొంగిలిస్తున్నవు పటేలా" అనేది. బతుకమ్మనాడు ఆడవాళ్లం చుట్టూ తిరుగుతూ ఆడుతుంటే మా వెనకాలే వంగి, లేచి, చప్పట్లు కూడా చరిచాడు. మగవాళ్లు నవ్వారు. "నేను ఆడుతలేను, నడుస్తున్న" అన్నాడు. కానీ ఆడాడు. నేను చూశాను.

పాట జబ్బును పోగొట్టిందని నేను చెప్పను. పాట జరుగుతున్నంతసేపు ఆయన తన కాళ్ల మీద తాను నడిచాడు, అంతే. నాకు ఆ అంతే చాలా పెద్దది. మా ఆయనకు భూపాలపల్లి బడికి బదిలీ అయ్యేనాటికి మామ మంచం పట్టాడు. ఈ ఎండాకాలం చూడటానికి వెళ్లినప్పుడు నర్సవ్వ మంచం పక్కన కూర్చుని పాడుతోంది. గొంతు జీరపోయింది. దుప్పటి కింద కాళ్లు ఉన్నచోటే ఉన్నాయి.

"కదిలినయా?" అని ఆయన నన్ను అడిగాడు.

"కదిలినయి మామ."

"నువ్వు చూసినవా?"

"చూసిన."

నమ్మలేదని నాకు తెలుసు. అయినా మళ్లీ అడగలేదు. ఆయన ఒక ప్రశ్నను మళ్లీ అడగకుండా వదిలేయడం నేను చూసింది ఆ ఒక్కసారే.

కబురు విన్న రోజే బయలుదేరి వెళ్లాను. దింపుడు కళ్లం దాకా ఆడవాళ్లం కూడా నడిచాం. అక్కడ పాడె దించి, ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉందేమోనని పోయినవాళ్ల చెవిలో పిలిచి చూస్తారు. బావ మోకాళ్ల మీద కూర్చుని, వంగి, "నాయినా" అని పిలిచాడు. మళ్లీ పిలిచాడు. ఇక లేవమని పెద్దవాళ్లు భుజం తట్టినా లేవలేదు. తల తిప్పి మా వైపు చూశాడు.

"నర్సక్కా" అన్నాడు. ఆమెను ఆయన అక్కా అని పిలవగా నేను అంతకుముందు వినలేదు. "ఒక్కపారి నువ్వు పాడవా?"

నర్సవ్వ ముందుకు వచ్చింది. డప్పులవాళ్లను జర ఆగమంది. గొంతు సవరించుకుని నాట్ల పాట అందుకుంది. పాట అయిపోయేదాకా మామ ముఖం ఎవరమూ చూడలేదు. బావ, చుట్టాలు, డప్పులు పట్టుకున్నవాళ్లు, నేను, అందరం ఆయన కాళ్లే చూస్తూ నిలబడ్డాం.