ఇద్దరు పెద్దన్నలు

ఆ వయసులో నా తెలివి మీద నాకున్నంత నమ్మకం ఇవాళ దేవుడి మీద కూడా లేదు. తొంభైల్లో మాట. రాయ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగి కొడుకుని, ఇంజనీరింగ్ ముగించి ఊరవతల ఉర్లా ఇండస్ట్రియల్ ఏరియాలో ఇన్వర్టర్లు చేసే ఓ చిన్న ఫ్యాక్టరీలో చేరాను. కరెంటున్నప్పుడు బ్యాటరీలోకి నింపుకుని, పోయినప్పుడు అందులోంచే తిరిగిచ్చే పెట్టెలవి. ఒకటి చాలని చోట రెండు జతచేసి మైక్రోకంట్రోలర్ చిప్‌తో నడిపిద్దామని నేనే ఫ్యాక్టరీ యజమాని సేఠ్‌జీ బుర్రకెక్కించాను. ఆయన పాన్ నములుతూ విని, "చలేగా తో పర్మనెంట్, నహీఁ తో నమస్తే" అన్నారు, నడిస్తేనే ఉద్యోగం, లేకపోతే ఇంటికి అని. నాన్నేమో నాది పర్మనెంట్ ఉద్యోగమని అప్పటికే కాలనీ అంతా చెప్పేసుకున్నారు. (రైల్వే వాళ్లకి టెంపరరీ అన్న మాట నోట రాదు.)

రెండు పెట్టెలూ కొట్టుకోకుండా ప్రోగ్రాంలో ఓ కుటుంబ ధర్మం రాశాను. ముందు లేచింది పెద్దన్న, ఓల్టేజి ఎంతుండాలో అది చెబుతుంది. తర్వాత లేచింది తమ్ముడు, నోరెత్తకుండా సగం బరువు మోస్తుంది. రెండూ ఒకేసారి లేస్తే? స్విచ్చులు రెండూ వేసేది నేనొక్కణ్నే కదా, ఎందుకు లేస్తాయిలే అనుకున్నాను.

సేఠ్‌జీకి ఇద్దరు కొడుకులు. ప్రారంభం ఒకరి చేత చేయిస్తే రెండో వాళ్లకి కోపం. అందుకని కొబ్బరికాయ కొట్టగానే ఇద్దరూ చెరో పెట్టె స్విచ్చూ ఒకే క్షణంలో నొక్కాలని తీర్మానించారు. నొక్కారు. దీపాలు వెలిగాయి, అందరూ చప్పట్లు కొట్టారు. నేను మీటర్లు చూశాను. ఒకదాని ముల్లు కుడికి, రెండోదాని ముల్లు ఎడమకి. రెండూ పెద్దన్నలైపోయాయి. ఒకటి తన బ్యాటరీలోది తీసి పోస్తుంటే, రెండోది దాన్ని తాగి తన బ్యాటరీలో దాచుకుంటోంది.

టంకాలు పెట్టే మావయ్య (శ్రీకాకుళం మనిషి, ఫ్యాక్టరీ మొత్తానికీ మావయ్యే) నా చెవిలో, "ఏటిరా అల్లుడూ, దీపాలెలుగుతున్నాయి గానీ ఇవెందుకలా మూలుగుతున్నాయి?" అన్నాడు.

"కాసేపట్లో కాలిపోతాయి మావయ్యా. నా ఉద్యోగం కూడా."

"అయితే ఒకటి ఆపీరా మరి."

ఒకటి ఆపాలన్నాను, కానీ ఎవరిది? కొడుకుల్లో పెద్దాయన తమ్ముడిదే ఆపమని, "ఛోటే కా బంద్ కరో" అన్నాడు. చిన్నాయన నాదెందుకని, "మేరా క్యోఁ?" అన్నాడు. ఇద్దరూ స్విచ్చు మీద వేలు తియ్యకుండా, ప్రారంభానికి పిలిపించిన ఫోటోగ్రాఫర్ వైపు నవ్వుతూ నిలబడ్డారు. కాలిన వాసన మొదలైంది. ఆ ఫోటోగ్రాఫర్ని చూశాకే నా బుర్ర పనిచేసింది. ఇద్దరి మొహాలూ సగం సగమే పడ్డాయి, రెండూ ఆపేసి ఒక్కొక్కరికీ విడిగా ఫోటో తీయిద్దామని హిందీలో గట్టిగా చెప్పాను. విడిగా ఫోటో అనగానే ఇద్దరూ టక్కున ఆపేశారు. ముందు పెద్దాయన నొక్కాడు, ఒక ఫోటో. తర్వాత చిన్నాయన నొక్కాడు, ఇంకో ఫోటో. ముళ్లు రెండూ బుద్ధిగా ఒకే వైపు తిరిగాయి. సేఠ్‌జీ నా నోట్లో లడ్డూ కుక్కి "పర్మనెంట్" అన్నారు. ఇంటికెళ్లి చెబితే నాన్న పేపర్లోంచి తలెత్తకుండా, "అది నేనెప్పుడో చెప్పాను కదరా" అన్నారు.

మర్నాడే ప్రోగ్రాం మార్చాను. ఒకేసారి లేస్తే, చిన్న సీరియల్ నంబరున్న పెట్టే పెద్దన్న. సంగతి తెలిసి చిన్నాయన నన్ను పక్కకి పిలిచి, "యార్, మేరీ వాలీ కా నంబర్ ఛోటా కర్ దోగే?" అంటూ తన పెట్టె నంబరు చిన్నది చెయ్యమని అడిగాడు.

ఆ ఫోటోలు రెండూ ఇంకా నా దగ్గరున్నాయి. మొదటి దాంట్లో ఓ మూల ఏడుపు మొహంతో నేను. రెండో దాంట్లో, ఇక లోకంలో తనకి తెలియనిదేదీ మిగల్లేదన్నట్టు నవ్వుతున్న నేను. ఆ కుర్రాణ్ని చూస్తే ఇప్పుడు ముద్దొస్తుంది. అంత ధీమాగా మళ్లీ ఏ ఫోటోలోనూ నవ్వలేకపోయాను.