ఆదిమూలం వైరాగ్యం

పాకాలలో బెల్లం మండీ నడిపిన ఆదిమూలం నోటికి రెండే పనులుండేవి: తినడం, తిట్టడం. సంగటి కాస్త జారుగా ఉందంటే చాలు, భార్య పంకజాక్షి పుట్టింటి వాళ్లందరినీ వరసపెట్టి తలుచుకునేవాడు. అలాంటి మనిషి డెబ్భై దాటాక, రెండువేల ఒకటి ఎండాకాలంలో, కంచం ముందు కూర్చుని రెండు మెతుకులు కతికి లేచిపోవడం మొదలుపెట్టాడు. తిట్లు కూడా ఆగిపోయాయి.

ఇంట్లో ఎవరూ దాన్ని జబ్బనుకోలేదు. జబ్బంటే దగ్గాలి, మూలగాలి, ఒళ్లు కాలాలి. ఆయన పొద్దున లేవగానే గొంతు కాస్త సవరించుకునేవాడు, అంతే. మొగుడి నోరు అదుపులోకి రావాలన్న తన మొక్కు ఇన్నేళ్లకు ఫలించిందని పంకజాక్షి కొండకెళ్లి తలనీలాలిచ్చి వచ్చింది. ఎదురింటి వరదయ్య ఇంకో మెట్టు పైకెక్కాడు.

"అన్నకు వైరాగ్యం వచ్చినాదప్పా. ఆ మొగం సూడండి, లోకంతో పనే లేదు" అని వీధంతా చాటాడు.

చొక్కాలు వదులైతే తపస్సన్నారు. పగలంతా జోగుతుంటే ధ్యానమన్నారు. ఒకరోజు మతి తడబడి, ఆదిమూలం వరదయ్యను అతని చనిపోయిన నాయన పేరుతో పిలిచాడు. పెద్దాయన ఆత్మలతో మాట్లాడుతున్నాడని వరదయ్య కళ్లొత్తుకున్నాడు. ఇక గురువారం గురువారం అరటిపళ్లూ పూలూ రావడం మొదలైంది. ఆదిమూలం మొదట బిత్తరపోయాడు. కానీ బతుకంతా నోటి దురుసు మనిషనిపించుకున్నవాడికి కాళ్లకు మొక్కించుకోవడం చేదా? లోపల ఎండిపోతున్నానని తెలిసినా పైకి చెప్పలేదు. స్వాములకు నీరసం ఉండకూడదు కదా.

చలికాలం వచ్చేసరికి డిగ్రీ చదివే మనవరాలు మహితకు దగ్గు పట్టుకుంది. సాయంత్రమైతే జ్వరం, రాత్రి చెమటలు, ఒకనాడు రుమాలు మీద నెత్తురు. ఇల్లంతా గగ్గోలెత్తి ఆ పూటే తిరుపతిలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. టీబీ అని తేల్చిన డాక్టరమ్మ, ఇంట్లో ఇంకెవరికైనా బాగాలేదా అని అడిగింది.

"ఎవరికీ లేదు మేడం. మా ఇంటాయన అన్నం తగ్గించేసినాడు గానీ, అది వైరాగ్యం" అంది పంకజాక్షి.

"ఆ స్వామిని కూడా ఒకసారి తీసుకురండి."

ఎక్స్‌రే, కళ్లె పరీక్ష అయ్యాక వైరాగ్యం పేరు కూడా టీబీ అనే తేలింది.

"చిన్న వయసులో ఇది రంకెలేస్తుందమ్మా. ముసలివాళ్లలో ఒక్కోసారి చప్పుడే చెయ్యదు. తిండి తగ్గడం, చిక్కిపోవడం, మతి తప్పడం, అంతే కనిపిస్తాయి. ముసలితనమే కదా అని అందరూ ఊరుకుంటారు. పాపకు ఈయన నుంచే వచ్చి ఉంటుంది" అంది డాక్టరమ్మ.

తాతకూ మనవరాలికీ ఒకేసారి మాత్రలు మొదలయ్యాయి. మహిత చదువు ఆ ఏటికి ఆగిపోయింది. మూడో నెలకల్లా ఆదిమూలానికి ఆకలి తిరిగొచ్చింది. ఒక గురువారం వరదయ్య పూలతో వచ్చేసరికి, స్వామి కోడికూర నంజుకుంటూ సంగటి తింటున్నాడు. వరదయ్య ముఖం వాడిపోయింది.

"ఏందన్నా, మళ్లా సంసారంలో పడినావే."

ఆదిమూలం చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఇన్ని నెలలు నా కాళ్లకు మొక్కినారు గదప్పా. ఎందుకు తిన్లేదన్నా అని ఒక్కరన్నా అడిగినారా? మహిత ఒకతే అడిగింది. పక్కన కూసోని ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. ఆ బిడ్డకే అంటించినాను."