మిగిలిన సగం కంచం

పక్కింటి పెద్దమ్మ పోయిన సంగతి, పని మీద నేను వేరే ఊళ్లో ఉండగా, వాళ్ల కోడలు ఫోన్ చేసి చెప్పింది. ఆ అమ్మాయి నోరు తెరిచేలోపే అలవాటు కొద్దీ నేను "పెద్దమ్మ తినిందా?" అని అడిగేశాను. "తినిందన్నా, అంతా తినింది. తిన్నంక పండుకునింది. మళ్లా లేయలేదు" అంది. ఊరట పడాలో ఏడవాలో తెలియలేదు.

ఆమె నాకు సొంత పెద్దమ్మ కాదు. పామిడిలో మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఒకటే గోడ. నైటీలు కుట్టేది. మిషన్ చప్పుడు ఆగిందంటే భోజనాల వేళయిందని వీధికంతా తెలిసేది. వానలు రాని ఏళ్లు చూసిన మనిషి కదా, కంచంలో మెతుకు మిగిలితే ఓర్చుకోలేదు. మా ఇంటికొచ్చినా నా కంచంలోకి తొంగి చూసేది. "ఏమప్పా, ఆ మూల ఉండేది ఎవురికి? ఎలుకలకా?" అనేది. ఈ రోజుకీ నేను మెతుకు వదలనంటే ఆమె పుణ్యమే.

అలాంటి మనిషికి పోయినేడాది పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, కాలు పట్టు తప్పాయి. మాట ముద్దగా వచ్చేది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మందులతో పాటు తిండి గురించీ గట్టిగా చెప్పాడు. ఉప్పు, ఊరగాయ తగ్గించాలి, కొర్రన్నం, పప్పు, ఆకుకూరలు, పండ్లు పెట్టాలి, బీపీ అదుపులో ఉంటేనే మెదడుకు మేలు, మళ్లీ వస్తే కష్టం అన్నాడు. ఊళ్లోవాళ్లు ఊరుకుంటారా? ఒకరు పావురం మాంసం పెట్టమన్నారు. ఇంకొకరు ఆకుకూర వాతం చేస్తుంది, ముట్టనే వద్దన్నారు. కోడలు డాక్టరు మాటే పట్టుకుంది.

కానీ పెద్దమ్మ సగమే తినేది. అన్నం, పప్పు తిని, ఆకుకూర, బొప్పాయి ముక్కలు అలాగే వదిలేసి చెయ్యి కడిగేది. మిగిల్చావేమని అడిగితే "అంతా తింటి కదమ్మా" అని కసురుకునేది. చూడ్డానికి పోయిన నన్ను దగ్గరికి పిలిచి, "నా కోడలు సగం కడుపుకే పెడతాందప్పా" అని ఏడ్చింది. మనిషి చిక్కిపోతున్న మాట నిజం. కోడలు కడుపు నిండా వడ్డించడం నా కళ్లతో చూసిన మాటా నిజం. ఎవరిని నమ్మాలి? బంధువులు మాత్రం మతి పోయిందని తేల్చేశారు.

ఒకరోజు నా ఎదుటే ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. కోడలు కంచం విసురుగా లాక్కుంది. మళ్లీ ఏమనుకుందో దబ్బున ముందు పెట్టింది. ఆ విసురులో కంచం అటుది ఇటు తిరిగింది. పెద్దమ్మ ఆకుకూర వంక వింతగా చూసి, "దీన్ని ఇంతసేపు యాడ దాచిపెట్టినావమ్మా?" అంటూ తినడం మొదలుపెట్టింది. మేమిద్దరం ఆ సంగతి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం.

కళ్లు బాగానే ఉన్నా, దెబ్బతిన్న మెదడు ఎడమ పక్కను పట్టించుకోవడం లేదని తర్వాత డాక్టరు చెప్పాడు. ఆమెకు కంచమంటే కుడి సగమే. పాపం, ఆమె అబద్ధం చెప్పలేదు, కోడలు కడుపు మాడ్చలేదు. ఆ రోజు నుంచి సగం తిన్నాక కోడలు కంచం తిప్పేది. "తిప్పినావా?" అని పెద్దమ్మే గుర్తు చేసేది. నెమ్మదిగా ఒంట్లోకి సత్తువ వచ్చింది, మాట తేటపడింది. నా కంచంలోకి తొంగి చూడడం కూడా మళ్లీ మొదలైంది. ఇదంతా ఆకుకూరల చలవా, మాత్రలదా, కోడలి మీద నమ్మకం తిరిగి రావడమా? డాక్టరునడిగితే అన్నీ కలిసి అన్నాడు. మరి అన్నీ సరిగ్గా చేస్తుంటే అదే జబ్బు మళ్లీ ఎందుకొచ్చి తీసుకుపోయింది? నాకిప్పటికీ అయోమయమే.

దివసాల రోజు, అంటే పెద్దకర్మ నాడు, ఫొటో ముందు విస్తరి వేసి, ఆమె తినేవన్నీ వడ్డించారు. పోయినవాళ్లు వచ్చి తింటారని అందరం బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాం. కాసేపటికి కోడలు ఉన్నట్టుండి లేచింది.

"అప్పుడే తలుపు తీయగూడదమ్మా" అని బంధువుల్లో ఒక పెద్దాయన వారించాడు.

"సగమే తినుంటాది మామా" అంటూ లోపలికి పోయింది.

తలుపు సందులోంచి చూశాను. వంగి, విస్తరిని మెల్లగా తిప్పుతోంది.